పసుపు కింద తొంభై అయిదు

తెనాలిలో ముప్ఫై ఆరేళ్లు కార్లు బాగుచేశాను. మోకాళ్లు మొరాయించాక షెడ్డు తాళాలు అల్లుడి చేతిలో పెట్టి ఇంటిపట్టున ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, ఏదైనా కిటుకు చెప్పమని అడుగుతుంటారు. కిటుకులు నా దగ్గర చాలానే ఉన్నాయి. కానీ వాటికన్నా ముందు చెప్పాల్సిన పొరపాటు ఒకటుంది. అది దాచి మిగతావి చెబితే కోతలు కోసినట్టే అవుతుంది. దాని గురించి రాద్దామని కూర్చుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నేనేనా ఆ మాట అన్నది అనిపిస్తుంది.

కలరా ఉండలు

నేను పని నేర్చుకున్నది బాపట్లలో, భావన్నారాయణ మేస్త్రిగారి దగ్గర. మనిషి సన్నగా, రెంచీలా ఉండేవారు. నోరు మాత్రం పెద్దది. ఒకసారి ఒక లెక్చరరుగారు స్కూటరు తోసుకుంటూ వచ్చారు. చలికాలం. పొద్దున్నే బండి కదలనంటోంది. మేస్త్రిగారు ట్యాంకు విప్పి తొట్టిలో ఒంపితే, పెట్రోలుతో పాటు తెల్లటి పలుకులు జారాయి.

"ఏంటండీ ఇవి?"

"కలరా ఉండలండి. నాలుగు వేస్తే పెట్రోలుకి బలం వస్తుందని మా స్టాఫ్ రూములో అన్నారు. నిజంగానే బండి గుర్రంలా పోయిందండి, నెల రోజులు."

"పెట్రోలుకి బలం పెట్టడానికి అదేమన్నా బాలింతా అండీ? పట్టుచీరల మధ్య పెట్టుకోవాల్సినవి తెచ్చి ట్యాంకులో పోస్తారా!"

చలికి ఆ ఉండలు మళ్లీ గడ్డకట్టి, పెట్రోలు దూరే సన్నటి కంతకి, అదే జెట్టుకి, అడ్డంపడ్డాయి. నేను పడీపడీ నవ్వాను. మేస్త్రిగారు నా వైపు తిరిగి, "నవ్వకురా. ఆయనకి తెలీదు, చేశాడు. నీకూ తెలీదు, నవ్వుతున్నావు" అన్నారు. తర్వాత ఆక్టేన్ అంటే ఏమిటో చెప్పారు.

ఆయన చెప్పినట్టే మీకూ చెబుతాను. ఆక్టేన్ అంటే బలం కాదు, స్వచ్ఛత అంతకన్నా కాదు. ఓపిక. పెళ్లి పంక్తిలో అందరికీ వడ్డన అయ్యేదాకా చెయ్యి ఆకు మీద పెట్టనివాడు ఉంటాడు, పప్పు పడగానే కలిపేసేవాడు ఉంటాడు. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు మొదటి రకం. సిలిండర్లో ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా, ప్లగ్గు నిప్పు ఇచ్చేదాకా అంటుకోదు. తక్కువున్నది తొందరపడి ముందే పేలుతుంది. అప్పుడు పిస్టన్ పైకి వస్తుంటే నెత్తిన సుత్తితో కొట్టినట్టవుతుంది. ఆ దెబ్బలే మనకి టకటకమని వినిపిస్తాయి. మామూలు కారు ఎక్కువ నొక్కదు కాబట్టి దానికి మామూలు ఓపిక చాలు. అలాంటి కారులో ఖరీదైన పెట్రోలు పోయించుకుని, "పికప్ పెరిగిందండీ" అని మురిసిపోయేవాళ్లని చాలామందిని చూశాను. పెరిగింది వాళ్ల హుషారు, కారుది కాదు. గట్టిగా నొక్కే ఇంజనుకి మాత్రం ఎంత ఓపిక కావాలో కంపెనీవాడే చెబుతాడు. ఆ మాట వినాలి.

ఇదంతా నాకు పందొమ్మిదేళ్లకే తెలుసు. తెలిసీ చేశాను, అదే నన్ను నిలువునా కోసేది.

నా ముక్కు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో భట్టిప్రోలు వైపు టాక్సీలు మూడు ఒకే వారంలో నా షెడ్డుకి వచ్చాయి. మూడింటికీ ఒకటే జబ్బు. ఎక్కుడు రోడ్డెక్కితే టకటక, ప్లగ్గులు మసి, ఇంజను ఆయిలు నీళ్లలా పలచన. మూత తీసి వాసన చూశాను. కిరోసిన్. రేపల్లె అవతల సముద్రం మీదికి వెళ్లే పడవలు కిరోసిన్‌తో నడుస్తాయి కాబట్టి ఆ పక్క అది దొరకడం కష్టమేం కాదు. టాక్సీవాళ్లు నా మాట పట్టుకుని గొడవ చేశారు. అధికారులు వచ్చి పరీక్ష చేసి ఒక బంకు మూయించారు. ఏ ఊరో చెప్పను, ఆ బంకు ఇప్పుడు లేదు.

అప్పట్నుంచి నా ముక్కుకి పేరొచ్చింది. "ఆంజనేయులు మేస్త్రి వాసన చూస్తే చాలు, ల్యాబుతో పనిలేదు" అనేవాళ్లు. టీకొట్టు దగ్గర నాకు కుర్చీ వేసేవాళ్లు. అబ్బాయిలూ, ఈ ఉద్యోగంలో తప్పుల కన్నా ఒప్పులే ఎక్కువ ప్రమాదం. ఒకసారి నిజమైన మాట రెండోసారి కూడా నిజమవుతుందని మనం అనుకుంటాం. ఊరు కూడా అలాగే అనుకుంటుంది. ఇక ఆపేవాడు ఉండడు.

ఎర్ర కారు

దుగ్గిరాలలో రత్నంగారని పసుపు వ్యాపారి. నలభై అయిదు దాటిన మనిషి, కానీ స్పీడంటే పిచ్చి. హైదరాబాదులో ఎవరో అమ్ముతుంటే విదేశీ కారు ఒకటి కొనుక్కొచ్చారు. ఎర్రది, రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. గాలిని నొక్కి ఇంజనులోకి తోసే టర్బో ఉంది. అది కూత వేస్తూ రోడ్డు మీద పోతుంటే కాలువగట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూసేవి. దాంతోపాటు రావాల్సిన కంపెనీ పుస్తకం మాత్రం రాలేదు.

బండి కొంటే చక్రాలకి, స్టీరింగుకి బొట్లు పెట్టడం అందరూ చేసేదే. రత్నంగారింట్లో ఇంకో ఆచారం ఉంది. పెట్రోలు పోసే చోట ఉండే మూతకి లోపలివైపు కూడా పసుపు పూసి కుంకుమ పెడతారు. బండికి నోరు అదే కదా, నోటికి మంగళం జరగాలని వాళ్ల అమ్మగారు పెట్టిన పద్ధతి. ఆవిడ పోయాక రత్నంగారి భార్య సుశీలమ్మగారు ప్రతి శుక్రవారం పూత మీద పూత వేస్తూ వచ్చారు. సొంత దుకాణం పసుపు, ఇక మందానికి లోటేముంది! మూత తెరిస్తే పచ్చగా, మధ్యలో ఎర్రటి బొట్టుతో కళకళలాడేది. నేను కూడా ప్రతిసారీ దానికి దణ్ణం పెట్టుకుని పనిలోకి దిగేవాణ్ణి.

రెండు మూడు నెలలకి రత్నంగారు వచ్చారు. "ఆంజనేయులూ, రైల్వే వంతెన ఎక్కేటప్పుడు ఏదో చప్పుడయ్యా. వేడి ఇసుకలో జొన్నలు వేయిస్తున్నట్టు."

కూర్చుని నడిపి చూశాను. అదే టకటక. "ఎక్కడ కొట్టిస్తున్నారండి పెట్రోలు?"

"రేపల్లె రోడ్డు బంకులోనయ్యా, ఎప్పుడూ."

రేపల్లె రోడ్డు అనే మాట వినగానే నా బుర్ర ఆలోచించడం మానేసింది. ప్లగ్గులు విప్పాను. తెల్లగా ఉన్నాయి. ఆయిలు చూశాను, చిక్కగా ఉంది. రెండూ చూశాను, రెండూ పట్టించుకోలేదు. ట్యాంకు దగ్గర ముక్కు పెట్టి, "కల్తీ" అన్నాను.

ఇరవై మంది ముందు

ఆ బంకు సూపర్‌వైజర్ పేరు సామ్రాజ్యం. వేటపాలెం నేతపనివాళ్ల అమ్మాయి, బీకాం చదివింది. అప్పటికి ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. భర్త లేడు, తల్లి ఆవిడ దగ్గరే ఉండేది. ఆ రోజుల్లో ఆడమనిషి బంకు నడపడం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆవిడకి ఆ ఉద్యోగం అంటే ప్రాణం. పంపు దగ్గర చుక్క నేల మీద పడినా ఊరుకునేది కాదు.

పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్లాం, రత్నంగారూ నేనూ. ఆటోలూ స్కూటర్లూ వరుసగా ఉన్నాయి. నేను గొంతు పెంచి అన్నాను. "ఏమ్మా, పెట్రోల్లో ఎంత కిరోసిన్ కలుపుతున్నారు?"

ఆవిడ మొహం పాలిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "మా బంకులో అలాంటిది లేదండి. ఒక్క నిమిషం, చూపిస్తానండి."

లోపలికెళ్లి ఫిల్టరు కాగితం తెచ్చింది. పంపు ముక్కు తుడిచి ఒక చుక్క వేసింది. స్వచ్ఛమైన పెట్రోలయితే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. ఆ పరీక్ష అడిగే హక్కు ప్రతి గిరాకీకీ ఉంది. చుక్క ఆరింది. కాగితం తెల్లగా ఉంది. ఆవిడ దాన్ని నా వైపు చాచి, "చూడండి మేస్త్రిగారూ" అంది.

నేను దాన్ని చేత్తో కూడా తాకలేదు. "కాగితం మోసం చేస్తుంది, ఇంజను చెయ్యదు" అన్నాను.

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఒక ఆటో అతను పెట్రోలు కొట్టించుకోకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆవిడ సాంద్రత కొలిచే గాజుగొట్టం తెచ్చింది, అదీ సరిపోయింది. "నా ముక్కు అబద్ధం చెప్పదమ్మా" అన్నాను. కాగితం పరీక్షకి అన్ని కల్తీలూ దొరకవు, ఆ మాట నిజమే. కానీ నేను ఆ కారణంతో కాదన్లేదు. నా పేరు పోతుందని కాదన్నాను.

వారం తిరక్కుండా బంకు యజమాని ఆవిడని తీసేశాడు. ఆయన తెనాలిలో ఉంటాడు, బంకుకి వచ్చేది నెలకి ఒకసారి. పేరు కాపాడుకోవాలి కదా, "అంతా ఆవిడే చూసుకునేది, పంపించేశాం" అని అందరితో చెప్పుకున్నాడు. నాకు ఆ సంగతి తెలిసింది. తెలిసి, టీ తాగుతూ, "మంచిపనయింది" అన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఎంతసేపు పట్టిందో మీకు చెప్పలేను.

తెల్లటి ప్లగ్గులు

రత్నంగారు తెనాలిలో ఇంకో బంకుకి మారారు. చప్పుడు తగ్గలేదు. ఆ మాట ఆయన నాతో చెప్పారు కూడా. "అక్కడా కలుపుతున్నారేమోనండి" అన్నాను! చూడండి, మనిషి గుడ్డివాడు కావాలనుకుంటే ఎవరూ ఆపలేరు.

ఒకరోజు బాపట్ల వెళ్తూ దారిలో ఆయన గట్టిగా తొక్కారు. తెల్లగా పొగ, ఇంజను నీరసం, బండి ఆగిపోయింది. ట్రాక్టరుకి కట్టి షెడ్డుకి తెచ్చారు. ఇంజను పైనుండే హెడ్డు విప్పి పిస్టన్ బయటికి తీశాను. అలాంటి పిస్టన్ నేను అంతకుముందు చూడలేదు. నెత్తి మీద చెదలు తిన్నట్టు గుంటలు. రింగులు కూర్చునే అంచు ముక్కలైపోయింది. వేలు పెడితే పదునుగా తగిలింది. కిరోసిన్ అంటే మసి కదా, మరి ఇంత తెల్లగా, ఇంత శుభ్రంగా ఎలా చచ్చింది ఈ ఇంజను?

పిస్టన్ని పేపర్లో చుట్టుకుని బాపట్ల బస్సెక్కాను. మేస్త్రిగారు అప్పటికి పని మానేసి చాలా ఏళ్లయింది. కళ్లకి శుక్లాలు. అరుగు మీద కూర్చుని, చూపుడువేలితో పిస్టన్ నెత్తిని తడిమారు. చాలాసేపు తడిమారు.

"ప్లగ్గులెట్లా ఉన్నాయిరా?"

"తెల్లగా ఉన్నాయండి."

"ఆయిలు?"

"చిక్కగానే ఉందండి."

"మరి కిరోసిన్ అన్నావంటగా, బాపట్ల దాకా వచ్చింది నీ మాట. కిరోసిన్ అయితే మసేదిరా? ఆయిలు పలచబడలేదేంరా?" మేస్త్రిగారు పిస్టన్ నా చేతికిచ్చారు. "ఈ బండి ఎక్కువ ఓపిక ఉన్న పెట్రోలు తాగేదిరా. మనూరి పెట్రోలు తాగి తాగి దెబ్బలు తింది. ఎంత కావాలో మూత లోపల రాసి ఉంటుంది. ఏం రాసుంది?"

"పసుపు ఉందండి."

"పసుపు కింద?"



మూత

బస్సు దిగి ఇంటికి వెళ్లలేదు, తిన్నగా షెడ్డుకి వెళ్లాను. మూత తెరిచి నిలబడ్డాను. దేవుడికి పెట్టిన పసుపు, చెయ్యి రాలేదు. రత్నంగారింటికి కబురు పెడితే భార్యాభర్తలిద్దరూ దుగ్గిరాల నుంచి వచ్చారు. విషయం చెప్పాను.

సుశీలమ్మగారు, "పూజచేసింది తుడవకూడదు అన్నయ్యగారూ" అన్నారు. అని, తనే చెంగు తడిపి, దణ్ణం పెట్టుకుని తుడిచారు. ఒక పట్టాన రాలేదు. పూత కింద పూత, దాని కింద ఇంకో పూత. చివరికి తెల్లటి కాగితం మీద ఎర్రటి అంకె కనిపించింది. తొంభై అయిదు. ఇంతకి తగ్గిన ఆక్టేన్ వాడరాదని కింద ఇంగ్లీషులో ఒక ముక్క.

అప్పట్లో మన దగ్గర మామూలు పెట్రోలు ఎనభై ఎనిమిది. కొత్తగా పేర్లు పెట్టి అమ్ముతున్నది తొంభై ఒకటి. తొంభై అయిదు దాటినది కావాలంటే ఏ మహానగరంలోనో ఒకటి రెండు బంకులు వెతుక్కోవాలి. సామ్రాజ్యం పోసిన పెట్రోలు నిఖార్సయిన పెట్రోలు. ఈ కారుకి అది సరిపోదు, అంతే. కల్తీ లేదు, మోసం లేదు. ఉన్నదల్లా నేను చదవని ఒక అంకె.

రత్నంగారు మెట్ల మీద కూలబడ్డారు. "నా ఇంటి పసుపేనయ్యా" అన్నారు. ఆ మాట అని తలకాయ పట్టుకున్నారు. కారు గురించి ఒక్క మాట అడగలేదు. తర్వాత తలెత్తి, "ఆ అమ్మాయి ఎక్కడుందయ్యా ఇప్పుడు?" అన్నారు.

వేటపాలెం

జీడిపప్పు యూనిట్లో ఉంది. పొడుగాటి షెడ్డు, వరుసగా ఆడవాళ్లు గింజలు కొడుతున్నారు. జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. ఆవిడ వేళ్లు నల్లగా, చివర్లు పొక్కి ఉన్నాయి. రిజిస్టర్లు రాసిన వేళ్లు. నన్ను చూసి లేవలేదు. పని ఆపలేదు.

"అమ్మా, తప్పు నాది. పెట్రోల్లో ఏం లేదు. కారుకి తొంభై అయిదు కావాలట, మూత మీద ఉంది, నేను చూళ్లేదు" అన్నాను.

ఆవిడ గింజ పగలగొట్టి పప్పు పక్కన పెట్టింది. "మీరు ఆ రోజు మూత తీశారు కదండీ? వాసన చూశారుగా?"

"తీశానమ్మా."

"ముక్కు పెట్టారు గానీ కళ్లు పెట్టలేదన్నమాట."

ఆవిడ ఇంకో గింజ అందుకుంది.

"ఇక్కడ నాకు చెప్తే ఏం లాభం మేస్త్రిగారూ? నాకు ముందే తెలుసు కదండీ అందులో ఏం లేదని. మీరు అక్కడ అన్నారు. అక్కడ చెప్పండి. అదే టైముకి."

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి రేపల్లె రోడ్డు బంకు దగ్గర నిలబడ్డాను. యజమానిని రత్నంగారు అద్దె కారులో కూర్చోబెట్టుకుని మరీ తీసుకొచ్చారు. ఆటోలూ స్కూటర్లూ వరుసగా ఉన్నాయి. పగిలిన పిస్టన్ చేత్తో పైకెత్తి, గొంతు పెంచి చెప్పాను. "నేను ఆంజనేయులు మేస్త్రిని. ఈ బంకులో కల్తీ ఉందని నేనన్నది అబద్ధం. సామ్రాజ్యంగారు పోసింది మంచి పెట్రోలు. నాకు పని చేతకాక ఆవిణ్ణి అన్నాను." ఒకడు నవ్వాడు. ఒకడు, "ఏంటి, మేస్త్రికి పిచ్చెక్కిందా" అన్నాడు. నేను మళ్లీ మొదట్నుంచి చెప్పాను. కొత్తగా వచ్చిన బళ్లవాళ్లకి మళ్లీ చెప్పాను. ఆ గంటలో నా ముక్కుకి వచ్చిన పేరంతా పోయింది. పోయినందుకు నాకేం బాధలేదు.

యజమాని కబురు పెట్టాడు. ఆవిడ వెంటనే రాలేదు, వేళ్లు మానాక వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఆ బంకులో ఒక పద్ధతి పెట్టింది. కొత్త కారు ఏది వచ్చినా ముందు మూత లోపల ఏం రాసుందో చదివి, బండివాళ్లకి వినిపించి, అప్పుడే పంపు పట్టుకోవాలి. పసుపు ఉంటే తుడవమని వాళ్లనే అడగాలి.

ఇక మీకు చెప్పాల్సింది. రత్నంగారి కారుకి కొత్త పిస్టన్లు వేసి, టర్బో ఒత్తిడి తగ్గించి, నిప్పు పడే సమయం కాస్త వెనక్కి జరిపి, తొంభై ఒకటితో నెమ్మదిగా నడుపుకోమన్నాను. ఆరు నెలలు అలా నడిపి, "పులిని తెచ్చి పెరుగన్నం పెడుతున్నానయ్యా" అని హైదరాబాదులోనే ఎవరికో ఇచ్చేశారు. అలాంటి కారు కొంటానని ఎవరైనా మీ దగ్గరికి వస్తే, రంగు, వేగం తర్వాత సంగతి, అది తాగేది మీ ఊళ్లో దొరుకుతుందో లేదో ముందు అడగండి. చప్పుడు వినపడితే మూత, ప్లగ్గు, ఆయిలు, ఈ మూడూ చూడండి. మనిషి పేరు ఎత్తడం వాటి తర్వాతే.

నా స్కూటరుకి ఇప్పటికీ పెట్రోలు అక్కడే కొట్టిస్తాను. సామ్రాజ్యానికి జుట్టు నెరిసింది. వెనక ఎన్ని బళ్లున్నా, నన్ను చూడగానే లోపలికెళ్లి ఫిల్టరు కాగితం తెస్తుంది. పంపు ముక్కు తుడిచి, ఒక చుక్క వేసి, నా అరచేతిలో పెడుతుంది. మొదటిసారి, "ఎందుకమ్మా, నాకు నమ్మకమే" అన్నాను.

"మీ నమ్మకం నాకెందుకండి. చూడండి" అంది.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను. వెనక హారన్లు మోగుతుంటాయి. చుక్క అంచుల నుంచి లోపలికి ఆరుతూ పోతుంది. ఆవిడ కాగితం వైపు చూడదు, నా మొహం వైపే చూస్తుంది.

"ఆరిందండీ?"

"ఆరిందమ్మా."

అప్పుడు పంపు అందుకుంటుంది.